ఫలం ఎవరిది? కోచ్ రహీం జీవితంలో ఒక ధర్మప్రశ్న

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుని, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. సిటీ పోలీస్ జట్టునూ, 1950 దశకం మొదలు భారత జట్టునూ తీర్చిదిద్దారు. ఆటగాళ్లకు ఆయన రహీం సాబ్. కర్మసిద్ధాంతంలోని ఒక చిక్కు ప్రశ్న ఆయన జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది: చేసేవాడు ఒకడు, చేయించేవాడు మరొకడు అయినప్పుడు ఆ పనికి కర్త ఎవరు? ఫలం ఎవరికి చెందుతుంది?

ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. వీటిని మరిచి తానొక్కడినే కర్తననుకోవడం అవివేకమనీ అక్కడే అంటుంది. పనుల విలువను నియ్యత్‌ను బట్టి, అంటే సంకల్పాన్ని బట్టి, చూడమని ఇస్లాం చెబుతుంది. నాయుడుపేట బడిలో కబడ్డీ నేర్పే డ్రిల్లు మాస్టారైనా, ఒలింపిక్ జట్టు కోచ్ అయినా, ఆట మొదలయ్యాక గీత బయటే నిలబడాలి. నేర్పింది తనే అయినా బరిలో ఉన్న ఒళ్లు తనది కాదు.

రహీం నేర్పిన తీరులోనే ఈ వివేకం ఉంది. వాటం లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. కుడికాలి వాటమున్న కుర్రాడు బంతిని ఎడమకాలితోనే తన్నాలి. ఇంకొన్ని పోటీల్లో డ్రిబ్లింగ్ నిషేధం: బంతిని తన దగ్గరే ఉంచుకుని సాగిపోకూడదు, తోటివాడికి అందించేయాలి. డ్రిబ్లింగ్‌తో ఆటగాడికి చప్పట్లు వస్తాయి, పాస్‌తో జట్టు ముందుకు కదులుతుంది. 'నేను చేశాను' అన్న భావాన్ని ఉపన్యాసాలతో కాక కాళ్ల అలవాటుతో తగ్గించిన సాధన ఇది. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది.

ఫలితాలు మాత్రం ఎప్పుడూ ఒక్కలా లేవు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 ఓటమి. అంత పరాభవం తరవాత కూడా రహీం పని వదల్లేదు. 1956లో మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలనాటికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా భారత్‌ను 2-0తో ఓడించింది. తలకు గాయమై కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం తరవాత ముందువరసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ కొరియానే, స్టేడియంలోని జనమంతా భారత్‌కు ఎదురు. పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోలు కొట్టారు. భారత్ 2-1తో గెలిచింది. జర్నైల్ గోలుకు కర్త ఎవరు? శ్రమ అతనిది, నిర్ణయం రహీంది, అందులో తోటివాళ్ల పాత్రా ఉంది. ఒక్కరి ఖాతాలో వేయడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఫైనల్‌కు ముందు రహీం తనకు స్వర్ణం కానుకగా కావాలని అడిగారని ఆటగాళ్లు తరవాత చెప్పుకున్నారు. ఫలం కోరినవాడు కర్మయోగి ఎలా అవుతాడు? పనికి గురి ఉండటం వేరు, ఫలాన్ని సొంతం చేసుకోవడం వేరు. గెలుపు కోరకుండా ఆట నేర్పడం పనిని ఎగ్గొట్టడమే. రహీం కోరిన పతకం పడేది ఆటగాళ్ల మెడలో. ఆయన కోరిక నిష్కామకర్మకు విరుద్ధం కాదు, దాని కష్టమైన రూపం అది.

క్యాన్సర్‌తో రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గానీ మొదలు కాలేదు. జకార్తాలో గోలు కొట్టిన బెనర్జీ తరవాత తానూ పేరున్న కోచ్ అయ్యారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం 1962 తరవాత మళ్లీ రాలేదు.