లెక్కించకముందే సంఖ్య ఉందా?

చదరంగపు 64 గళ్లలో మొదటిదానిలో ఒక వడ్లగింజ ఉంచి, గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. కృష్ణా డెల్టా ఒక ఏటి పంటలోనూ అన్ని గింజలుండవు. తెలుగు గణితకవి పావులూరి మల్లన పేర ప్రచారంలో ఉన్న పద్యం ఈ 20 అంకెలనూ భూతసంఖ్యలతో, అనగా శరమంటే అయిదు, శశి అంటే ఒకటి అన్నట్లు వస్తునామాలతో, కుడినుంచి ఎడమకు కూర్చింది.

మరి ఇంతటి సంఖ్య ఎవరూ లెక్కించకముందు ఉందా? వైశేషిక దార్శనికుల మతంలో రెండు మొదలుకొని సంఖ్యలన్నీ అపేక్షాబుద్ధివల్ల, అంటే 'ఇది ఒకటి, అది ఒకటి' అని విడి వస్తువులను కలిపి చూసే జ్ఞానంవల్ల పుట్టి, ఆ బుద్ధి తొలగగానే నశిస్తాయి. అయితే పై మొత్తాన్ని 641 శేషం లేకుండా భాగిస్తుంది. 641 ఇందులోని కారణాంకమని తేల్చే గణితాన్ని 1732లో గణితజ్ఞుడు ఆయిలర్ చూపకముందూ అది సత్యమే. కాబట్టి గణన బుద్ధికి అధీనమైనా, సంఖ్యల మధ్య సంబంధం బుద్ధికి అధీనం కాదనక తప్పదు.