సరేనన్నంత మాత్రాన

సంసారాల్లో అన్నిటికంటె తేలిగ్గా నోటినుంచి జారే మాట "సరే". పిల్లవాడు సినిమాకి వెడతానంటే సరే, ఆయన నలుగురిని భోజనానికి పిలిచానంటే సరే, ఆడపడుచు పిల్లలతో పండక్కి వస్తానని కబురు పెడితే సరే. ఇందులో ఇష్టపడి అన్న సరే వుంది, ఓపిక లేక అన్న సరే వుంది, కాదంటే జరిగే రభస తలుచుకుని అన్న సరే కూడా వుంది. వినేవాళ్ళకి మాత్రం అన్నీ ఒకటే. "ఆవిడ ఒప్పుకుంది కదండీ!" అంటారు, అక్కడితో తగువు తీరిపోయినట్టు.

నన్నడిగితే అసలు తగువు అక్కడే మొదలవుతుంది.

ఓపెన్ మారేజి అనే మాట ఈమధ్య మన పత్రికల్లోనూ తరచు కనిపిస్తోంది. భార్యాభర్తలు ముందే కూడబలుక్కుని, బయటి ప్రేమలకి ఒకరికొకరు అడ్డు చెప్పుకోకపోవడం. దొంగచాటు లేదు, అబద్ధం లేదు. వినగానే చెవులు మూసుకునేవాళ్ళు కొందరు, "ఎంత నిజాయితీ!" అని మెచ్చుకునేవాళ్ళు కొందరు. రెండూ తొందరపాటే. దాచిపెట్టి చేసే మోసం కంటె చెప్పి చేసుకునే ఏర్పాటు నయమే, కాదనను. కాని చెప్పుకున్నంత మాత్రాన లెక్క సరిపోతుందా?

ఇలాంటి ఏర్పాటుకి పెద్ద పేరు తెచ్చినవాళ్ళు ఫ్రాన్సులో సార్త్ర్, సిమోన్ ద బోవా. 1929లో మొదలైన ఆ ఒప్పందం 1980లో ఆయన పోయేదాకా నిలిచింది. పెళ్ళి లేదు, బయటి ప్రేమలకి అభ్యంతరం లేదు, ఒకరి దగ్గర ఒకరు ఏదీ దాచకూడదు. ఇద్దరూ మేధావులే, ఇద్దరికీ సంపాదన వుంది. ఎవరి దయమీదా ఎవరూ ఆధారపడలేదు. మరి చిక్కెక్కడ? మూడో మనిషి దగ్గర. బోవా దగ్గర చదువుకున్న బియాంకా అనే అమ్మాయి వాళ్ళిద్దరికీ దగ్గరయింది. 1940లో ఇద్దరూ ఆమెని వదిలేశారు. యాభై ఏళ్ళ తరవాత, అచ్చయిన బోవా ఉత్తరాల్లో తన గురించి ఎంత చులకనగా రాసుకున్నారో చూసి, ఆ బియాంకా లాంబ్లాఁ 1993లో తన కథ తాను రాసుకుంది. ఒప్పందం కుదుర్చుకున్నది ఇద్దరు, దాని ఖర్చు భరించింది ఇంకొకరు. "ది సెకండ్ సెక్స్" రాసి ఆడదాని కష్టం లోకానికి చెప్పిన మనిషికే ఇది కనపడలేదంటే మనలాంటివాళ్ళ మాట చెప్పాలా?

మన దేశం సంగతికి వస్తే, 1860 నాటి శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ అని ఒకటి వుండేది. వివాహితతో పరపురుషుడి సంబంధం నేరమే, కాని ఆమె భర్త సమ్మతి వుంటే నేరం కాదు! తన భర్త మరొకామె దగ్గరికి వెడితే భార్య ఈ సెక్షన్ కింద ఫిర్యాదు చెయ్యడానికి లేదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే నూట యాభై ఏళ్ళకి పైగా మన చట్టంలో ఒప్పుకోవడమంటే మగవాడు ఒప్పుకోవడమే.

అందుకని ఎవరైనా "ఒప్పుకున్నారు" అనగానే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. కాదంటే ఆ మనిషికి ఏమయ్యేది? రేపు మనసు మారితే బయటికి రావడానికి దారి వుందా? దీని ఖర్చు ఎవరు మోస్తున్నారు? సొంత సంపాదన, పుట్టింటి అండ లేని భార్య "మీ ఇష్టమండీ" అంటే దాన్ని సమ్మతి అనడానికి నాకు నోరు రాదు.

ఇది పడగ్గది ప్రశ్న మాత్రమే కాదు. దేశాలదీ ఇదే కథ. యూరప్‌లో అందరికీ ఒకే నాణెం అన్నప్పుడు డెన్మార్కు 2000లో, స్వీడన్ 2003లో ప్రజలనడిగితే వద్దన్నారు. వాళ్ళ క్రోనా వాళ్ళ దగ్గరే వుంది. గ్రీసు 2001లో చేరింది. అప్పుల్లో కూరుకుపోయాక, 2015లో బాంకులు మూతపడి మనిషికి రోజుకి అరవై యూరోలకి మించి చేతికి రాలేదు. అప్పిచ్చేవాళ్ళ షరతులు ఒప్పుకోమని జూలై 5న నూటికి అరవై మంది పైగా ఓటేశారు. వారం తిరిగేసరికి వాళ్ళ ప్రభుత్వం అంతకంటె కఠినమైన షరతులకి తల ఊపింది. యూరోలోకి రావడానికి నిబంధనలున్నాయి గాని, యూరో ఒక్కదాన్నీ వదిలి బయటికి పోవడానికి ఒప్పందంలో దారి రాయలేదు మరి! అలాగని ఒక్కనాణెం చెడ్డదని కాదు. నచ్చి చేరినవాళ్ళున్నారు, 2023లో క్రొయేషియా చేరింది. తలుపు లేని గదిలోకి వెళ్ళేముందు కాస్త ఆలోచించుకోవాలంటాను, అంతే.

దేశం తన నాణెం తన చేతిలో వుంచుకోవడానికీ, ఇల్లాలు పోపులపెట్టెలో నాలుగు నోట్లు దాచుకోవడానికీ కారణం ఒకటే. కాదనగలిగే ధైర్యం అందులో వుంటుంది. 2016 నవంబరు 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు ఎన్ని ఇళ్ళల్లో ఆ ధైర్యం బయటపడిందో మీకు తెలుసు. "అబ్బో, మాకు తెలియకుండా ఇంత దాచావా!" అని నవ్వినవాళ్ళకి పోయిందేమీ లేదు. కాగితాలు బాంకులో మారి వుంటాయి. కాని గుట్టు మాత్రం మళ్ళీ రాలేదు.

ఇక డైటింగ్. ఇక్కడ ఎవరు ఎవరికి ఒప్పుకుంటున్నారో తేల్చడం మరీ కష్టం. "నా ఒళ్ళు నా ఇష్టం, నేనే తగ్గాలనుకున్నాను" అంటుంది అమ్మాయి. మంచిదే. షుగరో, మోకాళ్ళ నొప్పో వుండి డాక్టరు చెబితే అన్నం తగ్గించుకోవలసిందే. కాని పెళ్ళిచూపులకి ముందు మూడు నెలలు రాత్రిపూట మజ్జిగతో సరిపెట్టే పిల్ల ఎవరితో ఒప్పందం చేసుకున్నట్టు? ఇంకా ఇంటికి రాని పెళ్ళికొడుకుతోనా, ఫోటో చూసి పెదవి విరిచిన వాళ్ళమ్మతోనా?

1944-45లో అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో ముప్ఫయ్యారు మంది ఆరోగ్యవంతులైన యువకులు తమంతట తాము ముందుకొచ్చి ఆర్నెల్లు అరకడుపు తిన్నారు. యుద్ధంలో ఆకలితో మాడినవాళ్ళని ఎలా కోలుకునేలా చెయ్యాలో తెలుసుకోవడానికి జరిపిన పరిశోధన అది. వాళ్ళకి పెట్టింది రోజుకి సుమారు 1570 కేలరీలు. వారానికి ఇన్ని మైళ్ళని నడక కూడా వుంది. కొన్నాళ్ళకి వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకపోయింది. చిరాకు, దిగులు. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదువుకున్నారట! వాళ్ళకి గడువు తెలుసు, ప్రయోజనం తెలుసు, చుట్టూ డాక్టర్లున్నారు. మన ఇళ్ళల్లో 1200 కేలరీల కాగితం ఫ్రిజ్‌కి అంటించుకున్న పిల్లకి ఇవేవీ వుండవు. ఆ పిల్ల విసుక్కుంటే "ఈ మధ్య పొగరు ఎక్కువైంది" అంటాం.

ఇంతా చెప్పి, ఎవరి సంసారంలోనూ వేలు పెట్టమనడం లేదు. పక్కింటివాళ్ళు ఏ ఒప్పందం మీద కాపురం చేస్తున్నారో, ఎదురింటావిడ పళ్ళెంలో ఎన్ని చపాతీలున్నాయో మనకెందుకు? కాని మన ఇంట్లో, మన పిల్లలు, మన కోడళ్ళు "సరే" అన్నప్పుడు ఒక్క క్షణం ఆగి వాళ్ళ ముఖం చూడడం మన పనే. "వద్దనిపిస్తే వద్దని చెప్పమ్మా, ఏమీ అనుకోం" అని ఒకసారి అని చూడండి. అని, వద్దన్నాక నిజంగానే ఏమీ అనుకోకుండా వుండాలి సుమండీ! కష్టమంతా అందులోనే వుంది.