పచ్చికొమ్మ మీద కత్తెర





మేడ్చల్ దగ్గర మాకు తెలిసిన అక్క ఒకామె డాబా మీద ఆరు కుండీల్లో ఎడారి గులాబీలు పెంచుతుంది. నర్సరీవాళ్ళు అడీనియం అంటారు. మొదలు గడ్డలాగా లావుగా ఊరి, కొమ్మల చివర గులాబిరంగు పూలు పూసే మొక్క. షామీర్‌పేట వైపు నర్సరీల్లో మీరూ చూసే ఉంటారు. ఫిబ్రవరిలో కత్తిరిస్తే బాగా పూస్తుందని ఎవరో చెప్తే ఆమె కత్తెర పట్టుకొని డాబా ఎక్కిందట, చెయ్యి రాక దిగొచ్చింది. ఆదివారం వందన అయిపోయాక నన్ను పక్కకు పిలిచి అడిగింది:

"తమ్మీ, ప్రాణం తియ్యనని వారం వారం శీలం తీసుకుంటున్నం గదా. పచ్చగున్న కొమ్మను కొయ్యొచ్చునా? కోస్తే పాలు కారుతయంట."

నవ్వి ఊరుకునే ప్రశ్న కాదిది. భిక్షువులు మొక్కల్ని నరకడం, కోయడం వినయంలో పాచిత్తియ దోషం. ఆళవిలో భిక్షువులు చెట్లు నరికిస్తుంటే జనం తప్పుపట్టారని, అప్పుడే ఈ నియమం వచ్చిందని చెబుతారు. చెట్టుకు ఒక ఇంద్రియం ఉంటుందని ఆనాటి జనం నమ్మకం. గృహస్థుల పంచశీలలో మాత్రం ఈ నియమం లేదు. ఉంటే నాగలి పట్టేదెవరు, కూర తరిగేదెవరు?

అంతటితో "తప్పు లేదక్కా, కోసెయ్యి" అనొచ్చు. కానీ బాబాసాహెబ్ మనల్ని అంత సులువుగా వదలలేదు. ఆయన పోయాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అహింస గురించి చెబుతూ, చంపాలనే కోరిక వేరు, చంపవలసిన అవసరం వేరు అని విడదీశారు. అహింస నియమం కాదు, సూత్రం అన్నారు. నియమమైతే చూసి పాటిస్తే చాలు. సూత్రం అట్లా కాదు, ప్రతిసారీ మనమే ఆలోచించుకోవాలి. మరి ఈ కొమ్మ విషయంలో అవసరం ఎవరిది?

ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా, అరేబియా ఎండనేలలు. అక్కడ దానికి ఎవరూ కత్తెర పెట్టరు, అది బతుకుతూనే ఉంది. మనమే తెచ్చి కుండీలో పెట్టాం. కుండీలో వదిలేస్తే కొమ్మలు సన్నగా పొడుగ్గా సాగి, చివర నాలుగు పూలు పూసి వాలిపోతాయి. చివరి చిగురు ఉన్నంతకాలం అది కింది కణుపుల్లోని మొగ్గల్ని లేవనివ్వదు. దాన్ని తీసేస్తే రెండు మూడు కొమ్మలు లేస్తాయి, కొత్త కొమ్మల చివరే పూలొస్తాయి. అంటే ఈ అవసరాన్ని పుట్టించింది మనం పెట్టిన కుండీయే. కనుక కోసినవాళ్ళమీద బాకీ ఉంటుంది. చలి తగ్గి ఎండ ముదురుతున్నప్పుడు కొయ్యాలి, వానాకాలంలో కోస్తే గాయం ఆరక కుళ్ళు దిగుతుంది. బ్లేడును స్పిరిట్‌తో తుడవాలి. కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కొయ్యాలి. కోసినచోట నీళ్ళు తగలకుండా నాలుగు రోజులు ఆరనివ్వాలి.

కుళ్ళు సంగతి వేరే చెప్పాలి. నీళ్ళు ఎక్కువైతే గడ్డ మెత్తబడుతుంది, వేలితో నొక్కితే లోపలికి దిగుతుంది. అప్పుడు కుండీలోంచి పీకి, కుళ్ళినదంతా గట్టి తెల్లటి కండ కనబడేదాకా చెక్కెయ్యాలి. జాలిపడి సగంలో ఆపితే మిగిలిన మచ్చ వారంలో మొత్తం తినేస్తుంది. నేను ఒక మొక్కను అట్లాగే పోగొట్టుకున్నాను. ఆనాడు నా చేతిని ఆపింది కరుణ అనుకున్నాను. నిజానికి చూడలేకపోవడం అది, అంతే.

ఇక్కడో జాగ్రత్త. ఒక తండ్రి నాతో అన్నాడు, "మొక్కకు కత్తెర ఎట్లనో, ఆడపిల్లకు అదుపు అట్ల" అని. ఇంటర్ అయిన బిడ్డ చదువు ఆపి సంబంధాలు చూస్తున్నాడు. మనలాగే దీక్ష తీసుకున్నవాడే. మొక్కకు నోరు లేదు కాబట్టి దాని మంచి మనం ఊహించి కోస్తాం. బిడ్డకు నోరుంది. "అడిగినవా?" అంటే ఆయన మాట్లాడలేదు. ఊరి మంచికే అని మన తాతల్ని బడి బయట ఆపినవాళ్ళు కూడా అడగలేదు గదా.

అక్కకు ఇదంతా చెప్పాక నాకు ఇంకోటి గుర్తొచ్చింది. ఈ మొక్క గన్నేరు కుటుంబానిది. దాని పాలు విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవాళ్ళు. షామీర్‌పేట వైపు ఒక నర్సరీలో రోజుకూలికి పనిచేసే చెల్లె ఒకామె నాకు తెలుసు. కత్తిరింపుల కాలంలో పొద్దుగూకేదాకా కోస్తుంది. గ్లవ్స్ ఇయ్యరు. ఆ చేత్తోనే చెమట తుడుచుకుంటే కళ్ళు మండి రెండు రోజులు పనికి పోలేదు, ఆ రెండు రోజుల కూలి పోయింది. ఈ వైపు ద్రాక్షతోటలు ఉన్నప్పుడూ ఇంతే. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకటి, అక్టోబరులో ఒకటి, తీగలు కత్తిరించే నేర్పు మనవాళ్ళ చేతుల్లో ఉండేది. తోట మాత్రం మనది కాదు. ఇప్పుడు ఆ తోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి.

కొమ్మకు నొప్పి ఉంటుందా అని అరగంట మాట్లాడుకున్నాం. ఆ చెల్లె కళ్ళ సంగతి మా ఇద్దరికీ చివర్లో గాని రాలేదు. మీరు నర్సరీకి పోయినప్పుడు మొక్క ధర అడిగాక, కోసేవాళ్ళకు గ్లవ్స్ ఇస్తున్నారా అని కూడా అడగండి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు ఉన్నాయా చూడండి. యజమానికి చిరాకు రావొచ్చు. రానివ్వండి.

అక్క మరుసటి ఆదివారం వచ్చింది. ఆరు మొక్కలూ కోసిందట. కోసిన కొమ్మల్ని పారెయ్యలేదు, వారం నీడలో ఆరబెట్టి ఇసుకలో గుచ్చుతానంది. కొమ్మతో పెంచితే విత్తనం మొక్కంత లావు గడ్డ ఊరదని చెప్పాను. "ఊరకుంటే ఏమాయె, బతుకుతది గదా" అంది. సంచిలోంచి రెండు జతల గ్లవ్స్ తీసి ఒకటి నా చేతిలో పెట్టింది.

"షామీర్‌పేట దిక్కు పోయినప్పుడు ఆ పిల్లకియ్యి తమ్మీ."