పుట్టుపూర్వోత్తరాలు లేని గులాబీ

ఎత్తు మూడడుగులు. అంతకు మించి ఎదగాలన్న ఆశ ఉన్నట్టే కనబడదు. కానీ పూసిన నాడు పొద దగ్గర వంగి వాసన చూసినవాళ్ళు తొందరగా లేవరు. పాత గులాబీల మీద మోజున్నవాళ్ళు దీన్ని రోజ్ డి రెష్ట్ అంటారు.

రెష్ట్ అంటే ఇరాన్‌లోని రష్త్ నగరం. ఇరాన్ అనగానే మనకు ఇసుకే గుర్తొస్తుంది గానీ, కాస్పియన్ సముద్రం పక్కనున్న గీలాన్ సీమ తీరే వేరు. వానలు దంచి కొడతాయి, ఊళ్ళ చుట్టూ వరిచేలు. 1930లలో నాన్సీ లిండ్సే అనే ఇంగ్లిష్ వనిత మొక్కలు వెతుక్కుంటూ ఇరాన్ వెళ్ళింది. రష్త్‌లోని ఓ పాత తోటలో ఈ గులాబీ దొరికిందని చెప్పి ఇంగ్లండ్ తోటలకు పరిచయం చేసింది. అంతకు ముందు కథ లేదు. డమాస్క్ వంశానిదని కొందరు, పోర్ట్‌లాండ్ వంశానిదని కొందరు. యూరప్‌లోనే పుట్టి, పర్షియా చేరి, దారిలో పేరు పోగొట్టుకుందని ఇంకొందరి అనుమానం. డమాస్క్ గులాబీల్లో మూడు జాతులు కలిశాయని 2000లో జపాన్ శాస్త్రవేత్తలు డీఎన్ఏ చూసి చెప్పారు. అత్తరుకు, పన్నీరుకు ఆధారమైన అంతటి వంశం లెక్కే అంత ఆలస్యంగా తేలితే, ఈ పొట్టిదాని సంగతి ఎవరు పట్టించుకుంటారు!

పువ్వును దగ్గరగా చూడాలి. తొడిమ చాలా పొట్టి. అందుకే తల్లి కొంగుచాటు నుంచి తొంగిచూసే పిల్లలా ఆకుల మధ్యే ఉండిపోతుంది. అరచేతిలో సగం కూడా నిండదు. ఆ కాస్త చోటులోనే రేకులు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే, లెక్క మొదలుపెట్టినవాళ్ళకు ఓపిక చాలదు. విచ్చేటప్పుడు గాఢమైన రాణి రంగు. ఒకటి రెండు రోజులకు ఊదా తిరుగుతుంది. ఒకే గుత్తిలో ఈ రెండు రంగులూ పక్కపక్కన ఉన్నప్పుడు చూడాలి, అదీ దాని వైభవం. ఇక వాసనంటారా, ఈనాటి పొడుగు కాడల బొకే గులాబీలు దీని ముందు కాగితం పూలే.

గారాబం అడగదు. మంచి ఎండ, నీరు నిలవని నేల, ఏడాదికోసారి మాగిన పశువుల ఎరువు చాలు. వాడిన పూలు తుంచేస్తుంటే విడతలు విడతలుగా చలి ముదిరేదాకా పూస్తుంది. పొద ముసలిదైతే మాత్రం ఒక్క విడతతో సరిపెడుతుంది. అప్పుడు జాలి పడకూడదు. చలికాలం చివర్లో మొండిగా కత్తిరిస్తే కొత్త చిగుళ్ళతో పాటు పూత కూడా తిరిగొస్తుంది.

నన్ను నివ్వెరపరిచేది మరొకటి. గింజ నాటితే ఈ గులాబీ ఈ గులాబీగా రాదు. కొమ్మ గుచ్చాలి, లేదా అంటు కట్టాలి. అంటే, లండన్ పెరట్లో ఉన్నదీ, బెర్లిన్ బాల్కనీ కుండీలో ఉన్నదీ నాన్సీ తెచ్చిన ఆ ఒక్క మొక్క ఒంటి ముక్కలే. ఎవరో ఒకరు కొమ్మ కోసి ఇంకొకరి చేతిలో పెడుతూ రాబట్టే అది ఇంకా బతికి ఉంది.

మన ఊళ్ళలోనూ పాత ఇళ్ళ పెరళ్ళలో పేరు తెలియని నాటు గులాబీలున్నాయి. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టేలోగా వెళ్ళి, పెన్సిలంత లావు కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకోండి. వేరు పట్టాక పక్కింటివాళ్ళకూ ఒకటివ్వండి.