ఎవని బరువు ఎవడు మోయవలెను?

ధ్యానభాగము: గలతీయులకు 6:1-5



అపొస్తలుడైన పౌలు ఈ భాగములో రెండు మాటలు చెప్పుచున్నాడు. మనము ఒకరి భారము ఒకరము మోయవలెనని రెండవ వచనము. ఎవని బరువు వాడే మోసికొనవలెనని అయిదవ వచనము. సహాయము చేయుటకు మనస్సులేనివాడు అయిదవ వచనమును పట్టుకొనును. కష్టపడుటకు మనస్సులేనివాడు రెండవ వచనమును పట్టుకొనును. ఇద్దరి చేతులలోను బైబిలే యున్నది గాని, ఇద్దరును వాక్యమును సగము చేసి చదువుచున్నారు.

గ్రీకు మూలములో ఇవి రెండు వేర్వేరు మాటలు. రెండవ వచనములోనిది 'బారొస్', అనగా మనిషిని క్రుంగదీయు భారము. అయిదవ వచనములోనిది 'ఫోర్తియోన్', అనగా ఎవని మూట వానిది. తన భారము తేలికయని ప్రభువు చెప్పిన చోట (మత్తయి 11:30) ఈ రెండవ మాటయే యున్నది. అయితే మాటల అర్థము తెలిసినంత మాత్రమున చాలదు. బ్రదుకులో ఈ రెండును ఎట్లు కలిసి నడుచును? మంచుకొండ నెక్కువారి నడకలో దీనికి మంచి దృష్టాంతము కలదు.

మనలో అనేకులము మంచును గూర్చి కీర్తనలలోను యోబు గ్రంథములోను చదివినవారమే గాని దానిని కాలితో త్రొక్కినవారము కాము. స్విట్జర్లాండు, ఇటలీ దేశముల సరిహద్దున గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ అను కనుమ యున్నది. దాని యెత్తు 2,469 మీటర్లు. అక్కడ 11వ శతాబ్దములో స్థాపింపబడిన సత్రమొకటి నేటికిని నిలిచియున్నది. పూర్వము ఆ సత్రపు సన్యాసులు మంచులో త్రోవతప్పిన బాటసారులను కుక్కల సహాయముతో వెదకి తెచ్చెడివారు. 1964లో కొండక్రింద సొరంగమార్గము తెరవబడినది. పైనున్న రోడ్డు శీతకాలమంతయు మూతబడియుండును. ఆ నెలలలో సత్రము చేరగోరువారు స్కీలమీదనైనను, స్నోషూలు కట్టుకొనియైనను ఎక్కవలసినదే. ఆ త్రోవలో 'మృతుల లోయ' అని పేరుగల చోటు కూడ కలదు.

స్నోషూ అనగా బూటు క్రింద కట్టుకొను వెడల్పాటి చట్రము. ఉత్తర అమెరికా ఆదివాసులు వంచిన కఱ్ఱకు తోలుత్రాళ్లు అల్లి దానిని చేసికొనిరి. ఇప్పుడు అల్యూమినియముతోను ప్లాస్టికుతోను చేయుచున్నారు. బురదలో పలక వేసి నిలిచినవాడు దిగబడనట్లే, ఒంటి బరువు వెడల్పుగా పరచుకొనుటచేత మనిషి మెత్తని మంచులో లోతుగా కూరుకొనిపోడు.

ఆ నడకలో మొదటివానికే మిక్కిలి ప్రయాస. అతడు త్రొక్కిన జాడలో వెనుకవారు సులువుగా నడతురు. గనుక కొంతదూరము పోయిన పిమ్మట అతడు ప్రక్కకు తొలగును, వెనుకవాడు ముందుకు వచ్చును. ఎల్లప్పుడును వెనుకనే నడువగోరువాడు సోమరి. ఎన్నడును ముందు చోటు విడువనివాడు గర్వి. సంఘములో ఈ ఇద్దరిని మనమెరుగుదుము.

ఇంకొక సంగతి ఇంతకంటె ఆలోచింపదగినది. మంచుచరియలు విరిగిపడు కొండలమీద నడచువారు తమ తమ సంచులలో మూడు వస్తువులు పెట్టుకొనవలెను: ఒక చిన్న రేడియో పరికరము, మడచుటకు వీలైన పొడవాటి కడ్డీ, ఒక పార. చరియ క్రింద ఒకడు కప్పబడినయెడల, అతనియొద్దనున్న పరికరపు సంకేతమును తోడివారి పరికరములు పట్టుకొనును. వారు కడ్డీతో గ్రుచ్చి చూచి, పారతో త్రవ్వి తీయుదురు. మొదటి పది నిమిషములలో తీయబడినవారిలో అత్యధికులు బ్రదుకుదురు. ఆ తరువాత ఆశ వేగముగా తగ్గిపోవును. క్రిందినుండి సహాయము వచ్చువరకు ఆగుటకు వ్యవధి లేదు. దగ్గరనున్నవాడే రక్షింపవలెను.

ఇప్పుడు ఆలోచించుడి. నేను కప్పబడినప్పుడు నా సంచిలోని పార నాకేమియు పనికిరాదు. నేను దానిని మోసినది నా సహోదరుని కొరకే. నా ప్రాణమును కాపాడు పార అతని వీపుమీద నున్నది. "నా బరువు నేను మోయను" అని నేను పారను ఇంటిలో విడిచి వచ్చినయెడల, నష్టము నాకు కాదు, అతనికి. రెండవ వచనమును అయిదవ వచనమును ఇక్కడ కలిసికొనుచున్నవి. నా బరువు నేను మోయుట నా సహోదరుని భారము మోయుటకే.

మన తల్లులు వంటకు బియ్యము కొలిచినప్పుడు పిడికెడు తీసి ప్రభువు కొరకు వేరుగా ఉంచుట ఇటువంటిదే. అది వారి యింటి బియ్యమే గాని వారి ఆకలి కొరకు కాదు. యౌవనుడు కష్టించి పనిచేయుట, పురుషుడు త్రాగుడు మాని కూలి డబ్బు ఇంటికి తెచ్చుట, మనలో ప్రతివాడును ప్రార్థనలో నిలుచుట, ఇవన్నియు ఎవరి మూట వారు మోయుటయే. అయినను ఆ మూటలో మరియొకని ప్రాణమున్నది.

క్రొత్తగా కురిసిన మంచు శబ్దమును పీల్చుకొనును. అందుచేత ఆ కొండత్రోవ మిక్కిలి నిశ్శబ్దముగా నుండును. ఆ నిశ్శబ్దమును చూచి అపాయము లేదనుకొనరాదు. మంచుక్రింద నున్నవాడు కేక వేసినను పైవారికి వినబడుట అరుదు. మన సంఘములోను అప్పులక్రింద, అవమానముక్రింద, కుమారుని దుర్మార్గతక్రింద కప్పబడినవారు ఆదివారమున మౌనముగా వచ్చి వెనుక చాపమీద కూర్చుండి పోవుచున్నారు. "అడిగిన చేయకపోదుమా?" అని మనమందుము. అడుగగలవాడు ఇంకను పూర్తిగా కప్పబడలేదు. అడుగలేనివానిని వెదకుటయే క్రీస్తు నియమము. తప్పిపోయిన గొఱ్ఱె పిలుచువరకు కాపరి ఆగలేదు గదా!

ఈ నెలలో ప్రతి కుటుంబమువారును రెండు ప్రశ్నలు వేసికొందురు గాక. నేను మోయవలసిన మూటను ఎవరి వీపుమీదనైనను పెట్టితినా? నా ప్రక్కనుండి మౌనముగా మాయమైన వారెవరు?

ప్రార్థన: మాకు ముందుగా నడచి త్రోవ చేసిన ప్రభువా, మా మూటను సణుగక మోయుటకు బలమును, మాటలేని సహోదరుని వెదకుటకు ప్రేమయు మాకు దయచేయుము. ఆమేన్.