పూర్వుల బొమ్మలు

పూర్వుల బొమ్మకు మొక్కడం మూఢత్వమే. అయితే దాన్ని ధ్వంసం చేయడం అభ్యుదయమవుతుందా?

సుమత్రాకు పడమరనున్న నియాస్ దీవిలో తండ్రి చనిపోతే కొయ్యబొమ్మ చెక్కి ఇంట్లో నిలిపేవారు. దాని పేరు 'అదు జతువా'. 1865లో జర్మన్ మిషనరీలు అక్కడికి వచ్చారు. 1916లో మొదలైన మతోద్యమంలో ఆ బొమ్మలెన్నో బూడిదయ్యాయి. మరెన్నో యూరపు మ్యూజియాలకు చేరాయి. దాన్ని హేతువాదపు గెలుపు అనలేము. ఒక దేవుడు పోయి మరొక దేవుడు వచ్చాడు, అంతే.

నేనుండే కుందుర్పి ఉన్న ఈ కరువు సీమలో పూర్వుల గుర్తు కొయ్య కాదు, రాయి. రాయలసీమలో వీరగల్లులు ఎన్నో ఉన్నాయి. పశువుల మందను కాపాడుతూ ప్రాణమిచ్చినవాడు కింది అరలో పోరాడుతుంటాడు, పై అరలో అప్సరసలు అతన్ని మోసుకుపోతుంటారు, ఆపైన శివలింగం. పాలకులకు పైసా ఖర్చులేని బహుమానం స్వర్గం! సతికల్లు మరీ కఠోరం. గాజుల చెయ్యి ఒకటి పైకెత్తి ఉంటుంది. ఆమె ముత్తైదువగానే పోయిందని ఆ గాజులు చాటుతాయి. మంటల్లోని ఆమె అరుపును దాస్తాయి.

సతిని మద్రాసు రాజధానిలో 1830లో నిషేధించారు. దాన్ని కీర్తించడాన్ని 1987 చట్టం నేరమన్నది. అలాగని ఆ రాయిని పగలగొడితే, హత్యకు మిగిలిన సాక్ష్యం కాస్తా పోతుంది. పసుపు కుంకుమలు మానాలి, రాయి మాత్రం నిలవాలి. విద్యార్థులను దాని ముందు నిలబెట్టి, ఎవరు చచ్చారు, ఎవరి కోసం చచ్చారు, లాభం ఎవరికి దక్కింది అని అడిగించడం ఉపాధ్యాయుల పని.