వెనక శబ్దం

మా అబ్బాయి పుట్టినరోజుకి చొక్కా వద్దన్నాడు, వాచీ వద్దన్నాడు. కారు తలుపులకి కొత్త స్పీకర్లు కావాలన్నాడు.

"ఉన్నాయి కదరా" అన్నాను.

"అవి అరుస్తాయి గానీ పాడవమ్మా" అన్నాడు.

మావారు పేపర్లోంచి తలెత్తకుండా "ఎంతట?" అన్నారు. మా ఇంట్లో ఏ చర్చ అయినా ఆ ఒక్క మాటతోనే మొదలై, సాధారణంగా ఆ మాటతోనే ముగుస్తుంది. కూలీతో కలిపి 16 వేలట. కారు వయసు ఎనిమిదేళ్లు. దానికి 16 వేల నగ పెట్టడం ఏమిటని ఆయన మళ్లీ పేపర్లో మునిగిపోయారు.

నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. ఆ తర్వాత అంట్లు సర్దుకుంటూ ఆలోచిస్తే మాత్రం ఒక సందేహం పట్టుకుంది. నాలుక్కి ఎంత ఖర్చు పెట్టినా మనం తప్పుపట్టం. ఆవకాయకి ఫలానా కారమే కావాలని ఊళ్లు తిరుగుతాం. చూపు మందగిస్తే కళ్లద్దాలు పెట్టుకుంటాం, అది విలాసం అనే వాళ్లుండరు. చెవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం వినపడితే చాలు, బాగా వినపడాలని కోరుకోవడం డబ్బు చేసిన జబ్బు అంటాం. ఎందుకంటారు? చెవితో చేసే పని బయటికి కనపడదు కాబట్టి కాబోలు. బాగా తిన్నవాడు ఒళ్లు చేస్తాడు, బాగా విన్నవాడికి ఏం వస్తుంది?

సరే, మావారు చివరికి ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారన్నది వేరే కథ. ఒక ఆదివారం పొద్దున్నే వాడూ నేనూ ఆటోనగర్ వెళ్లాం. విజయవాడలో పుట్టి పెరిగిన వాళ్లకి ఆటోనగర్ గురించి చెప్పక్కర్లేదు. లారీకి ప్రాణం పోసేదీ అక్కడే, కారుకి సోకులు చేసేదీ అక్కడే.

ఆ మెకానిక్కు పాతికేళ్ల కుర్రాడు. తలుపు లోపలి అట్టని నాలుగు మేకులు తీసి, గుండీలు విప్పినంత తేలిగ్గా ఊడదీశాడు. లోపల చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. బయటికి అంత గట్టిగా కనిపించే తలుపు లోపల అంతా పల్చటి రేకూ, దానికి చేటంతేసి కన్నాలూ, వాటి మీద ఒక ప్లాస్టిక్ కాగితమూను. వేలితో తట్టాడు. ఖాళీ డబ్బాలా డబడబలాడింది.

"ఇందులో ఎంత ఖరీదు స్పీకరు పెట్టినా దండగేనండీ" అన్నాడు. ఎందుకో చెప్పమంటే చెప్పాడు. స్పీకరు ముందుకి ఎంత శబ్దం చేస్తుందో వెనక్కీ అంత శబ్దం చేస్తుందట. ముందువైపు గాలిని నెట్టేటప్పుడు వెనకవైపు గాలిని లాగుతుంది. మధ్యన గోడ లేకపోతే ఆ రెండూ కలిసి ఒకదాన్నొకటి మింగేస్తాయి. ముఖ్యంగా మృదంగం, తబలా వంటి మంద్రమైన నాదాలు మాయమైపోతాయి. ఇప్పటి స్పీకర్లలో చాలావాటికి అమ్మమ్మ వంటి స్పీకరు గురించి రైస్, కెలాగ్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు 1925లో ప్రకటించారు. నూరేళ్లు గడిచినా ఈ గోడ గొడవ మాత్రం తీరలేదన్నమాట.

అందుకని అతను ముందుగా స్పీకరు ముట్టుకోనే లేదు. ఒకవైపు వెండిరేకు, రెండోవైపు నల్లటి జిగురు ఉన్న మందపాటి రబ్బరు షీట్లు తెచ్చి, రేకుకి అంటించి, చిన్న రోలరుతో అప్పడం వత్తినట్టు వత్తుకుంటూ పోయాడు. కన్నాలన్నీ మూసేశాడు. అడుగున ఉన్న సన్నటి కన్నాలు మాత్రం వదిలేశాడు. వాన నీళ్లు అద్దం వెంబడి తలుపులోకి దిగి అక్కణ్ణించే పోవాలట, అవి మూస్తే తలుపు తుప్పుపడుతుందట. స్పీకరు కింద చెక్క రింగు పెట్టమని మావాడంటే, నీళ్లకి ఉబ్బుతుందని ప్లాస్టిక్ రింగే వేశాడు. అద్దం పూర్తిగా దింపించి, స్పీకరు వెనక అయస్కాంతానికి తగలడం లేదని చూసుకున్నాడు. ఆరున్నర అంగుళాల స్పీకరు తలుపులోకీ, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దదైన ట్వీటరు పైన అద్దం మూలకీ చేరాయి. సన్నటి శబ్దాలు మోకాళ్ల దగ్గర పుడితే చెవిదాకా రావు, అందుకని దానికి ఎత్తుపీట.

"స్పీకరు పని గంటేనండీ. తలుపు నోరు మూయించడానికే ఇంతసేపు" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. మళ్లీ తట్టి చూపించాడు. ఈసారి టప్ మని ఊరుకుంది.

ఆ సాయంత్రమే అమ్మని తీసుకుని తెనాలి బయల్దేరాం. మా వాడు నడుపుతున్నాడు, నేను పక్కన, అమ్మ వెనక. అమ్మకి 74 ఏళ్లు. చెవి కొంచెం మందం. బ్యారేజీ దాటి, దుగ్గిరాల దారిలో పడ్డాక, వాడు సినిమా పాటలు ఆపి, "తాతగారి పద్యాలు పెట్టనా?" అన్నాడు.

మా నాన్నగారు పగలు గుమాస్తా, రాత్రిళ్లు కృష్ణుడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆయనకి కంఠతా. 1990 దసరా సెలవుల్లో పడకసీను పద్యాలు ఇంట్లోనే టేపు చేశాం. బటన్ నొక్కింది నేనే. నాకప్పుడు పదేళ్లు. నాన్నగారు పోయి ఆరేళ్లయింది. ఆ క్యాసెట్టుని మా వాడు నిరుడు పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు. ఇంట్లో, ఫోన్లో, పాత స్పీకర్లలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అందులో ఒక పద్యం మధ్యలో నాన్నగారు ఆగుతారు. ఆగి, రెండు క్షణాల తర్వాత అందుకుంటారు. ఆ ఆగడం మా బంధువుల్లో ప్రసిద్ధి. మా బాబాయి అయితే, నటన అంటే అదిరా అని కళ్లు తుడుచుకునేవాడు.

ఆ పద్యం వచ్చింది. నాన్నగారు ఆగారు. ఆ నిశ్శబ్దంలో, దూరంగా, గిన్నె మీద గరిటె ఆనిన చప్పుడు. వెనువెంటనే ఒక ఆడగొంతు, పద్యంలో తర్వాతి మాట. నాన్నగారు ఆ మాటనే అందుకుని సాగిపోయారు. ఈ రెంటి మధ్యా ఇంకో శబ్దం ఉంది. మైకు పక్కనే, సన్నగా, విసురుగా, "ష్!"

ఆ "ష్" నాది.

వాడు వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. ఇన్నేళ్లూ ఎందుకు వినపడలేదమ్మా అంటే వాడే కారణం కూడా చెప్పాడు. ఆ కాలపు రికార్డర్లలో గొంతు ఆగగానే మైకు తనంతట తాను చెవి రిక్కించే ఏర్పాటు ఉండేదట. అందుకే వంటింటి మాట కూడా టేపులో పడింది. స, ష వంటి ఊదే అక్షరాలన్నీ సన్నటి శబ్దాలు. డబడబలాడే తలుపులో ట్వీటరే లేని పాత స్పీకరుకి అవి చేతకాలేదు. ఫోనయితే ఎప్పుడూ నలుగురి మాటల మధ్యా పెట్టాం.

"ఫోన్లోనే శుభ్రం చేసేయొచ్చమ్మా. వెనక శబ్దాలన్నీ తీసేస్తే తాతగారి గొంతు ఒక్కటే మిగులుతుంది" అన్నాడు.

వాడి ఉద్దేశం మంచిదే. పొద్దున తలుపుకి చేయించిన పనే టేపుకీ చేస్తానంటున్నాడు. కానీ నాకు గుండెలో కలుక్కుమంది. తలుపు రేకు మోగితే అది రొద, తీసేయాలి, సందేహం లేదు. అమ్మ మాట కూడా రొదేనా? వాడి ఫోనుకి తెలిసిందల్లా ఒకటే: ముందున్నది గొంతు, వెనకున్నది గోల. అయితే ఆ ఫోనుని తిట్టుకునే అర్హత నాకుందా? పదేళ్లప్పుడు నేను చేసిందీ అదే కదా. నాన్నగారి పద్యం పాడవుతుందని అమ్మ నోరు మూయించాను. ఆ పద్యాన్ని నిలబెట్టిందే ఆవిడ అని తెలియక.

తెలియక చేసిన దానికి దోషం లేదని పెద్దలంటారు. వినపడని మాటకి జవాబు ఎవరు చెప్పుకుంటారు? పాత స్పీకరుది తప్పని ముప్పయ్యేళ్ల లెక్క దాని మీద వేసేయొచ్చు. కానీ టేపులో పడకముందు ఆ మాట నా చెవిలో పడింది. పడబట్టే కసిరాను. చెవి బాగానే ఉంది. వంటింట్లోంచి వచ్చే మాట పనికొచ్చే మాట కాదని ఎవరు నేర్పారో అప్పటికే నేర్పేశారు. మన ఇళ్లల్లో ఆ పాఠానికి వేరే బడి అక్కర్లేదు, మీకూ తెలుసు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. సిగ్గుగానే ఉంది. "అమ్మమ్మ మాట ఉంచి, ఆ 'ష్' ఒక్కటీ తీసేయడానికి వీలవుతుందా?" అని అడిగాను.

"ఎందుకవదు?" అన్నాడు వాడు.

కాలవ వెంబడి రెండు మైళ్లు ఆలోచించాను. తీసేస్తే ఎవరికి నష్టం? నాన్నగారు లేరు. అమ్మకి ఆ "ష్" వినపడనే వినపడదు, వయసు ముందుగా ఎత్తుకుపోయేది ఆ సన్నటి శబ్దాలనే. రేపు నా మనవలు వింటే తాతమ్మ మాట అందించిందని మురుసుకుంటారు. కసిరిన పిల్ల ఒకతె ఉందని తెలియక్కర్లేదు. ఎంత చక్కటి టేపు! అయితే అందులో అమ్మ మాటకి ఎదురే ఉండదు. ఎదురు లేని ఇంట్లో ఆవిడ మాట్లాడినట్టవుతుంది. అలాంటి ఇల్లు మాకెప్పుడుంది?

"వద్దులే, ఉండనీ" అన్నాను.

అమ్మ ముందుకి వంగి, "ఏమిటే, పద్యం పెట్టి ఆపుతున్నారు?" అంది.

వెనక్కి తిరిగి కొంచెం గట్టిగా అడిగాను. "అమ్మా, నాన్నగారు ఆ పద్యం మధ్యలో ఆగుతారు కదా, ఎందుకంటావ్?"

"ఎందుకేమిటి, మరిచిపోయి. ఆ మాట దగ్గర ఎప్పుడూ మరిచిపోయేవారు. స్టేజీ మీదయితే తెర పక్కన ప్రాంప్టరు ఉండేవాడు."

"మరి మన ఇంట్లో?"

"నేనే అందించాను. నువ్వు కసిరావు కూడానూ" అంది, నిన్న జరిగినట్టు. "ఆ గోలలో నా పోపు మాడింది. ఏదీ, మళ్లీ మొదట్నించీ పెట్టమను వాణ్ణి. ఆ అద్దం పైకెత్తు, గాలి కొడుతోంది."